కోవిడ్ పోయినా ఒళ్లు కోలుకోలేదా? ఓరుగల్లు చుట్టుపక్కల తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టరును కాను. హనుమకొండలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. 2021 ఏప్రిల్ చివర్లో, రెండో విడతలో, నాకు కోవిడ్ వచ్చింది. ఆరు రోజుల జ్వరం, కొంచెం దగ్గు, అంతే. ఆక్సిజన్ అవసరం రాలేదు. సెప్టెంబరు 1న బడులు తెరిచిన రోజు బోర్డు మీద తేదీ, పాఠం పేరు రాసి కుర్చీలో కూలబడ్డాను. ఏడో ఎక్కం మధ్యలో మరిచిపోయాను. అప్పటి నుంచి చదివినది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, నా ఒంటి మీద నేర్చుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను. కాజీపేట నుంచి భూపాలపల్లి దాకా ఉన్న బంధువులు, తోటి ఉపాధ్యాయులు, పిల్లల తల్లులు ఇన్నేళ్లుగా అడుగుతున్న ప్రశ్నలే ఇవి. మందుల మోతాదులు ఇందులో ఉండవు. అవి మీ డాక్టరు చెప్పవలసినవి.

జ్వరం ఎప్పుడో పోయింది. ఇంకా నీరసమంటే ఎవరూ నమ్మడం లేదు. ఇది నిజంగా జబ్బేనా?

జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దీనికి నిర్వచనం ఇచ్చింది. కోవిడ్ సోకిన మూడు నెలల నాటికి కనిపిస్తూ, కనీసం రెండు నెలలు కొనసాగుతూ, వేరే జబ్బుతో వివరించలేని లక్షణాలు ఉంటే దాన్ని కోవిడ్ అనంతర స్థితి అన్నారు. జనం లాంగ్ కోవిడ్ అంటారు. కోవిడ్ వచ్చినవారిలో సుమారు నూటికి ఆరుగురికి ఇది ఉంటుందని ఆ సంస్థే చెబుతోంది.

నమ్మని వారికి నేను చికున్‌గున్యాను గుర్తు చేస్తాను. 2006లో అది మన ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసింది. జ్వరం వారంలో పోయింది. కీళ్ల నొప్పులు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ఉన్నాయి. గోడ పట్టుకుని మెట్లు దిగే మనిషిని చూసి "జ్వరం పోయింది కదా, నటిస్తున్నావు" అని ఎవరూ అనలేదు. ఎందుకంటే ఆ నొప్పి ఇంటికొకరికి ఉంది. వైరస్ వెళ్లిపోయాక కూడా ఒంట్లో దాని పని మిగిలిపోతుందని మనకు అప్పుడే తెలుసు. కోవిడ్ విషయంలో ఆ తెలివిడి ఎందుకు పోయిందో నాకు అర్థం కాదు.

నాకు ఆసుపత్రిలో చేరేంత రాలేదు. అయినా ఇలా అవుతుందా?

అవుతుంది. తీవ్రంగా వచ్చి ఐసీయూలో ఉన్నవారికి ముప్పు ఎక్కువ. కానీ కోవిడ్ ఇంట్లోనే తగ్గిపోయినవారి సంఖ్య చాలా ఎక్కువ కాబట్టి, లాంగ్ కోవిడ్ ఉన్నవారిలోనూ వారే ఎక్కువ. మగవారికంటే ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తోంది. నెలసరి ముందు రోజుల్లో లక్షణాలు ముదురుతున్నాయని చాలామంది చెబుతారు. నాకూ అంతే. చిన్నపిల్లల్లో తక్కువే గాని, లేకపోలేదు.

రిపోర్టులన్నీ నార్మల్ అన్నారు. మరి నాకు ఏమైనట్టు?

నాకూ ఇదే జరిగింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా కాగితాలన్నీ తిరగేసి, "మీకు ఏమీ లేదు టీచరమ్మా, పిల్లల మీద అరవడం తగ్గించండి" అన్నారు. బయటికి వచ్చి బస్టాండులో కూర్చుని ఏడ్చాను.

రక్త పరీక్షలు, ఎక్స్‌రే, ఈసీజీ వేరే జబ్బులను పట్టుకోవడానికి పనికొస్తాయి. లాంగ్ కోవిడ్ ఉందని గాని లేదని గాని తేల్చే పరీక్ష ఇంతవరకు లేదు. కాబట్టి "నార్మల్" అంటే వెతికిన జబ్బులు దొరకలేదని మాత్రమే అర్థం. 2024 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. లాంగ్ కోవిడ్ ఉన్నవారి చేత సైకిల్ తొక్కించి, దానికి ముందూ తర్వాతా తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి చూశారు. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పని మందగించి ఉంది. శ్రమ తర్వాత కండరంలో దెబ్బతిన్న జాడలు పెరిగాయి. ఈ మార్పులు మామూలు రక్త పరీక్షలో కనబడవు.

అసలు కారణం ఒక్కటే కాకపోవచ్చు. వైరస్ అవశేషాలు ఒంట్లో మిగిలి ఉండటం, రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడం, రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం, గుండె వేగాన్నీ బీపీనీ మనకు తెలియకుండానే నడిపే నాడుల లయ తప్పడం, ఇవన్నీ పరిశీలనలో ఉన్నాయి.

అయితే పరీక్షలు అక్కర్లేదా?

తప్పకుండా చేయించుకోవాలి. లాంగ్ కోవిడ్ అనుకుని మరో జబ్బును వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మన ప్రాంతంలో ముందుగా చూడవలసినవి రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12 లోపం, క్షయ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అది ఉచితం.

రక్త పరీక్షలకు వేలు పోయనవసరం లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో బస్తీ దవాఖానలోనో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద జిల్లా కేంద్రంలో ఉచితంగా పరీక్షిస్తారు. ఊపిరితిత్తుల డాక్టరు, గుండె డాక్టరు, నరాల డాక్టరు కావలసి వస్తే అక్కడి నుంచి చీటీ రాయించుకుని వరంగల్ ఎంజీఎంకు వెళ్లండి. పెద్దాసుపత్రి ఓపీలో గంటల తరబడి నిలబడటమే మనలాంటి వారికి పెద్ద శ్రమ. తోడుగా ఒకరిని వరుసలో నిలబెట్టి మీరు కూర్చోండి.

వెళ్లేటప్పుడు ఒకే ఒక కాగితం రాసుకెళ్లండి. కోవిడ్ ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఏ పనులు చేయగలిగేవారు, ఇప్పుడు ఏవి చేయలేకపోతున్నారు, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏయే మందులు వాడుతున్నారు. "నీరసంగా ఉంది" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. "రెండు బిందెల నీళ్లు మోసేదాన్ని, ఇప్పుడు ఒక చెంబు ఎత్తి తల మీద పోసుకుంటే కూర్చోవాలి" అంటే తెలుస్తుంది.

ఒక రోజు బాగుంటుంది, పనంతా చేసుకుంటాను. ఆ మర్నాడో రెండో నాడో లేవలేను. ఎందుకిలా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

లాంగ్ కోవిడ్‌లో చాలామందికి శ్రమ చేసిన వెంటనే కాకుండా, 12 గంటల నుంచి మూడు రోజుల లోపు ఒళ్లు కుప్పకూలుతుంది. ఒళ్లు నొప్పులు, గొంతు మంట, జ్వరం వచ్చినట్టు ఉండటం, మాట తడబడటం, నిద్ర పట్టకపోవడం. ఆలస్యంగా వస్తుంది కాబట్టి కారణం మనకు తట్టదు. ఆదివారం ఇల్లు దులిపితే మంగళవారం పడిపోతాం. "నిన్నంతా పడుకునే ఉంది కదా, ఇవాళ ఏమొచ్చింది" అని ఇంట్లో వాళ్లు అంటారు. శ్రమ అంటే ఒంటి పని ఒక్కటే కాదు. పరీక్ష పేపర్లు దిద్దడం, పెళ్లింట్లో మూడు గంటలు మాట్లాడుతూ కూర్చోవడం, ఒక గొడవ, ఇవి కూడా శ్రమే.

ఇలా కుప్పకూలే లక్షణం ఉన్నవారికి "తట్టుకుని చేయి, రోజూ కాస్త పెంచు, అదే అలవాటవుతుంది" అనే సలహా హాని చేస్తుంది. నేను ఆ సలహా విని వేయి స్తంభాల గుడి దాకా పొద్దున్నే నడక మొదలుపెట్టాను. రోజుకు వంద అడుగులు పెంచుకుంటూ పోయాను. మూడో వారంలో పడిపోయి, మళ్లీ మొదటి రోజు చేసినంత చేయడానికి ఐదు నెలలు పట్టింది.

చేయవలసింది మరొకటి ఉంది. నెలాఖరులో చేతిలో మిగిలిన డబ్బుతో ఇల్లు ఎలా నడుపుతామో, శక్తిని అలా వాడుకోవాలి. ముందు రెండు వారాలు నోటుబుక్కులో రాయండి, ఏ రోజు ఏం చేశారు, ఎప్పుడు కూలబడ్డారు అని. ఎంత పని దాకా కూలబడకుండా ఉంటున్నారో తెలుస్తుంది. ఆ గీత దాటకండి. బాగున్న రోజు కూడా దాటకండి, బాగున్న రోజే అసలు ప్రమాదం. అలసట రాకముందే ఆగండి. పనిని ముక్కలు చేయండి. కూరగాయలు కూర్చుని తరగండి, పది నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోండి, తర్వాత పొయ్యి వెలిగించండి. స్నానం పీట మీద కూర్చుని చేయండి. తలస్నానం, బట్టలు ఉతకడం ఒకే రోజు పెట్టుకోకండి. ఫోను చూస్తూ పడుకోవడం విశ్రాంతి కాదు.

కుప్పకూలే లక్షణం లేనివారి సంగతి వేరు. ఆసుపత్రిలో పడుకుని కండరం కరిగిపోయినవారికి మెల్లగా వ్యాయామం మేలే చేస్తుంది. మీరు ఏ కోవలోకి వస్తారో తెలిసేదాకా కపాలభాతి లాంటి బలమైన సాధనలు, జిమ్ము వద్దు.

రోజు కూలి మీద బతికేవాళ్లం. విశ్రాంతి అంటే పస్తులే కదా?

ఈ ప్రశ్న అడిగినది మా బడి దగ్గర ఉండే బీడీ కార్మికురాలు. నా దగ్గర పూర్తి జవాబు లేదు. జీతంతో కూడిన సెలవు ఉన్న నేను ఆమెకు విశ్రాంతి గురించి చెప్పడం సులువు.

ఆమె, నేను కలిసి వెతుక్కున్నవి చెబుతాను. ఆకు కత్తిరించడం పొద్దున, చుట్టడం మధ్యాహ్నం, దారం కట్టడం మర్నాడు. గోడకు దిండు వేసి ఆనుకుని, కాళ్లు చాపుకుని చేయడం. వెయ్యి బీడీలు ఒక్క ఊపులో చుట్టకుండా రెండు వందలకోసారి ఆగి పడుకోవడం. మొదటి నెల సంపాదన తగ్గింది. తర్వాత నెలకు పది రోజులు మంచాన పడటం తప్పింది కాబట్టి, మొత్తం మీద ముందుకంటే ఎక్కువే వచ్చింది.

పత్తి ఏరడం, మిరప తెంపడం, సిరిసిల్ల మరమగ్గాల మీద నిలబడటం, వీటిని ముక్కలు చేయడం కష్టం. యజమానితో, మేస్త్రీతో మాట్లాడేటప్పుడు "పని చేయను" అనకుండా "కూర్చుని చేసే పని ఇవ్వండి" అని అడగండి. మా బాబాయి కొడుకు సింగరేణిలో పనిచేస్తాడు. డాక్టరు కాగితం చూపించాక కొన్నాళ్లు భూగర్భంలోకి దిగకుండా ఉపరితలం మీద పని ఇచ్చారు. సంఘం నాయకులను వెంట తీసుకెళ్తే మాటకు బరువుంటుంది.

వైకల్య ధ్రువపత్రం గురించి కూడా అడుగుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఈ జబ్బు పేరు లేదు. అయితే కోవిడ్ తర్వాత పక్షవాతం వచ్చి కాలో చెయ్యో పడిపోయినా, వినికిడి పోయినా ఆ వైకల్యం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు గాని, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు.

గ్లూకోజ్ ఎక్కించుకుంటే, బలం సూది వేయించుకుంటే తగ్గుతుందా?

సీసా ఎక్కించాక రెండు గంటలు తేలికగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గి ఉంటే ఆ ఉపశమనం నిజమే, కాని అదే నీరు నోటితో తాగవచ్చు. షుగర్ ఉన్నవారికి గ్లూకోజ్ కీడు చేస్తుంది. అంతకంటే భయపడవలసింది స్టెరాయిడ్. కొన్నిచోట్ల ఆర్ఎంపీలు ఇచ్చే "నొప్పుల మాత్ర", "బలం సూది"లో అదే ఉంటుంది. రెండు రోజులు ఆకలి వేస్తుంది, హుషారు వస్తుంది, తర్వాత షుగర్ ఎక్కుతుంది. 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ కళ్లు, దవడలు తీసేసేదాకా వచ్చింది ఎక్కువగా అదుపులో లేని షుగర్, స్టెరాయిడ్లు కలిసినచోటనే. ఏ సూది వేస్తున్నారో పేరు రాసి ఇమ్మని అడగండి. రాసి ఇవ్వకపోతే వేయించుకోకండి.

ఈ జబ్బును మొత్తంగా నయం చేసే మందు ఇంకా లేదు. కోవిడ్‌కు వాడే ఒక యాంటీవైరల్ మందును 15 రోజులు ఇచ్చి అమెరికాలో పరీక్షించారు, లాంగ్ కోవిడ్‌కు పనిచేయలేదు. కానీ నిద్రలేమి, గుండె దడ, తలనొప్పి, కడుపు మంట, ఒక్కొక్క లక్షణానికి చికిత్స ఉంది. వాటిని తగ్గించుకుంటే రోజు గడవడం చాలా మారుతుంది.

లేచి నిలబడితే గుండె దడ, కళ్లు తిరగడం. గుండె జబ్బా?

ఈసీజీ తీయించి గుండె సంగతి ముందు తేల్చుకోండి. అది బాగుంటే, నాడుల లయ తప్పడం వల్ల కావచ్చు. డాక్టర్లు పాట్స్ అంటారు. పది నిమిషాలు పడుకుని నాడి చూసుకోండి. తర్వాత గోడకు ఆనుకుని కదలకుండా పది నిమిషాలు నిలబడి, నిమిష నిమిషానికీ చూసుకోండి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు చాలు. పడుకున్నప్పటి కంటే నిమిషానికి 30 సార్లకు మించి పెరిగి అక్కడే నిలిస్తే ఆ అంకెలు డాక్టరుకు చూపించండి. పక్కన ఒక మనిషి లేకుండా ఈ పరీక్ష చేయకండి, పడిపోతారు.

నీళ్లు ఎక్కువ తాగడం, కాళ్లకు బిగుతు మేజోళ్లు, మంచం మీద కూర్చుని ఒక నిమిషం ఆగి లేవడం ఉపయోగపడతాయి. కొందరికి డాక్టర్లు ఉప్పు పెంచమంటారు. బీపీ, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు సొంతంగా ఆ పని చేయకూడదు. ఎండ ఈ దడను బాగా పెంచుతుంది. మే నెలలో రామగుండం వైపు 44 డిగ్రీలు దాటే రోజుల్లో బయటి పనులు పొద్దున ఎనిమిదికి ముందే ముగించుకోండి. వేడినీళ్ల స్నానం మానేయండి.

ఆయాసం తగ్గడం లేదు. ఏం చేయాలి?

ఊపిరితిత్తుల ఎక్స్‌రే, ఊపిరి ఊదించి చేసే పరీక్ష చేయించుకోండి. గనుల్లో పనిచేసినవారికి, చుట్ట తాగినవారికి పాత జబ్బు దీని చాటున దాగి ఉండవచ్చు. ఇంట్లో చేసుకోగలిగింది, ముక్కుతో గాలి పీల్చి, వేడి చాయ్ ఊదినట్టు పెదవులు చుట్టి మెల్లగా వదలడం. పీల్చిన దానికి రెట్టింపు సేపు వదలాలి. మిరప సీజనులో ఏనుమాముల మార్కెట్ వైపు వెళ్లవలసి వస్తే మాస్కు పెట్టుకోండి. ఆ ఘాటుకు మామూలు మనిషికే దగ్గు వస్తుంది.

ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోవడం, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, పెదవులు నీలంగా మారడం, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే, కూర్చున్నప్పుడు ఆక్సిజన్ పదేపదే 94 కంటే తక్కువ చూపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

తాలింపు వేస్తే కాలిన రబ్బరు వాసన వస్తోంది. అన్నం సహించడం లేదు.

వాసన తెలిపే నాడులు తిరిగి అతుక్కునేటప్పుడు ఇలా తప్పుడు వాసనలు వస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, వేయించిన గుడ్డు, మాంసం ఎక్కువగా బాధపెడతాయి. వేడి వంటకంటే చల్లారిన అన్నం, పెరుగు, పండ్లు సహిస్తాయి. వాసన సాధన అని ఒకటుంది. లవంగం, నిమ్మ తొక్క, నీలగిరి తైలం, గులాబీ, ఒక్కొక్కదాన్ని 20 సెకన్ల పాటు, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చాలి. రోజుకు రెండుసార్లు, కనీసం మూడు నెలలు. నా తోటి ఉపాధ్యాయినికి ఎనిమిది నెలలకు మామిడికాయ తొక్కు వాసన తిరిగి వచ్చింది. ఆ రోజు ఆమె స్టాఫ్‌రూములో డబ్బా తెరిచి అందరికీ వేసింది. వాసన తెలియని రోజుల్లో మాత్రం గ్యాస్ సిలిండరు వాల్వు రాత్రి కట్టేయండి, పాచిపోయిన కూర వేరేవారి చేత చూపించుకోండి.

జుట్టు కుచ్చులుగా ఊడుతోంది.

ఏ పెద్ద జ్వరం తర్వాతైనా రెండు మూడు నెలలకు ఇది జరుగుతుంది. ఆరు నెలల్లో దానంతట అదే ఆగుతుంది. ఆగకపోతే థైరాయిడ్, రక్తహీనత చూపించుకోండి. ఖరీదైన నూనెలకు డబ్బు పోయకండి.

టీకా వల్లనే ఇదంతా, గుండెపోట్లు కూడా దానివల్లే అంటున్నారు.

నేను లెక్కల మనిషిని, కాబట్టి లెక్కే చెబుతాను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 18 నుంచి 45 ఏళ్ల మధ్యవారి ఆకస్మిక మరణాలను దేశంలోని 47 ఆసుపత్రుల్లో పరిశీలించి 2023లో ఫలితాలు ప్రచురించింది. టీకా ముప్పును పెంచలేదు, రెండు డోసులు వేసుకున్నవారిలో ముప్పు తగ్గింది. ముప్పు పెంచినవి కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో ఆకస్మిక మరణాల చరిత్ర, అతిగా తాగడం, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో తీవ్రమైన శ్రమ. టీకా వేసుకున్నవారిలో లాంగ్ కోవిడ్ కూడా తక్కువగా కనిపించింది. కోవిడ్ మళ్లీ సోకితే లాంగ్ కోవిడ్ మొదలుకావచ్చు, ఉన్నది ముదరవచ్చు. అందుకే జలుబు, దగ్గు తిరిగే రోజుల్లో బస్సులో నేను ఇప్పటికీ మాస్కు పెట్టుకుంటాను.

అత్తగారింట్లో "బద్ధకం" అంటున్నారు. చచ్చిపోవాలనిపిస్తోంది.

ఆ ఆలోచన వస్తే ఇప్పుడే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఏళ్ల తరబడి జబ్బుతో ఉండి, పైగా అబద్ధాలకోరు అనిపించుకుంటే ఎవరికైనా మనసు కుంగుతుంది. కుంగుబాటుకు మందు వాడుకోవడమంటే జబ్బు మనసులోనే ఉందని ఒప్పుకోవడం కాదు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పేజీ చదివి వినిపించండి. వాళ్లకు నా మాట ఒక్కటే. అమ్మా, నాన్నా, మీ కోడలు బాగున్న రోజు మీరు ఇచ్చే పని తగ్గించండి. ఆమె పడిపోయిన రోజు "నిన్న నవ్వుతూ తిరిగావు కదా" అనకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీలో ఒకరు వెంట వెళ్లి, ఆమె ఇంట్లో ఎలా ఉంటోందో మీ నోటితో చెప్పండి. ఇంటి మనిషి చెబితే డాక్టర్లు ఎక్కువ వింటారు. ఇది అన్యాయమే, కాని నిజం.

ఎన్నాళ్లకు తగ్గుతుంది? ఈ ఏడైనా బతుకమ్మ ఆడగలనా?

చాలామందికి మొదటి ఏడాదిలో మెల్లగా మెరుగవుతుంది. కొందరికి ఏళ్లు పడుతోంది. తగ్గడం కూడా ఎక్కి దిగుతూ ఉంటుంది, అందుకే వారంతో వారాన్ని కాకుండా, నిరుటి ఇదే నెలతో ఈ నెలను పోల్చుకోండి.

బతుకమ్మ సంగతి. పూలు తెంపడం, పేర్చడం, చెరువు దాకా నడవడం, వంగి లేస్తూ చప్పట్లతో ఆడటం, ఇవి నాలుగు పనులు. నాలుగూ ఒకే రోజు వద్దు, ఒకటి ఎంచుకోండి. తొమ్మిది రోజులూ వద్దు. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, ఇంటి ముందే ఒక్క పాట ఆడి మూడు రోజులు చూడండి. ఏమీ కాకపోతే మిగిలిన శక్తిని చివరిదైన సద్దుల రోజుకు దాచుకోండి.

నిరుడు నేను తంగేడు, గునుగు పూలు పిల్లల చేత తెప్పించి, మంచం మీద కూర్చుని రెండు విడతలుగా పేర్చాను. సద్దుల రోజున పద్మాక్షి గుట్ట దగ్గరికి ఆటోలో వెళ్లాను, మడత కుర్చీ వెంట తీసుకెళ్లాను. మూడు పాటలకు కూర్చుని చప్పట్లు కొట్టాను. నాలుగో పాటకు లేచి ఒక చుట్టు తిరిగాను. మర్నాడంతా పడక మీదే ఉన్నాను. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి రెండు ఇళ్లకు మాత్రం వెళ్లాను.